ఇండియన్ ఓషన్ బృంద సంగీతంలో జానపద గేయం: పాఠం, అల్లిక, సందర్భం

వ్యాససంగ్రహం

జానపద గేయం తాను పుట్టిన ఊరిని విడిచి విద్యుత్ వాద్యాల వేదిక ఎక్కినప్పుడు అందులో ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది అన్నది మౌఖిక సాహిత్య పరిశోధనలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న. ఢిల్లీలో 1990లో ఏర్పడిన ‘ఇండియన్ ఓషన్’ అనే జాజ్-రాక్ బృందం పాటలను, ప్రధానంగా 2000లో వెలువడిన ‘కందీసా’ ఆల్బమ్‌ను ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జాజ్-రాక్, జానపద గేయం, పాఠం, అల్లిక, సందర్భం, నర్మద, సిరియాక్ స్తోత్రం, మౌఖిక ప్రసారం

ఉపోద్ఘాతం

జానపద బాణీకి కొత్త మాటలు కట్టడం తెలుగు పాఠకులకు చిరపరిచితమైన ప్రక్రియ. జననాట్యమండలి పాటలలో గద్దర్, ఉత్తరాంధ్ర ఉద్యమ గీతాలలో వంగపండు ప్రసాదరావు ఈ పద్ధతిని శిఖరానికి చేర్చారు. జనానికి ముందే తెలిసిన వరుస పాటను మోసుకుపోతుంది. మాట మాత్రం కాలానికి తగినట్లు మారుతుంది. సినిమా పాట కూడా పల్లె పల్లవిని తీసుకొని చరణాలను తన అవసరానికి రాసుకుంది. ఈ రెండు సందర్భాలలోనూ నిలిచేది బాణీ, మారేది మాట. అందువల్ల జానపద గేయ ప్రభావం గురించి తెలుగులో వచ్చిన చర్చ చాలావరకు బాణీ చుట్టూనే తిరిగింది.

ఇండియన్ ఓషన్ బృందం దాదాపు దీనికి ఎదురు దిశలో నడిచింది. గేయపు మాటను అది యథాతథంగా ఉంచింది. గిటారు, బేస్ గిటారు, తబలా, డ్రమ్స్‌తో ఆ మాట చుట్టూ కొత్త సంగీత నిర్మాణాన్ని కట్టింది. అలాగైతే మాట మారలేదు కనుక అర్థం కూడా మారలేదని చెప్పవచ్చునా? చెప్పలేమన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. మాట మారనప్పుడే అర్థంలో వచ్చే మార్పును పసిగట్టడం మరింత కష్టం.

అమెరికన్ జానపద విజ్ఞాని అలన్ డండెస్ 1964లో ప్రచురించిన ఒక వ్యాసంలో జానపద ప్రక్రియను పాఠం, అల్లిక, సందర్భం అనే మూడు స్థాయులలో పరిశీలించాలని సూచించాడు. పాఠమంటే చెప్పిన మాట లేక పాడిన పాట. అల్లిక అంటే అందులోని ప్రాస, ఊనిక, స్వరం వంటి ధ్వనిగుణాలు. సందర్భమంటే దానిని ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు, ఎందుకు పాడారన్నది. డండెస్ అల్లికను ప్రధానంగా భాషాధ్వనుల పరిధిలోనే చెప్పాడు. ఇక్కడ ఆ మాటను వాద్య నిర్మాణానికి కూడా వర్తింపజేయడం జరిగింది. పాట విషయంలో ఈ విస్తరణ అనివార్యమే.

బృందం, దాని శైలి

గిటారిస్టు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూనే పాడగలిగిన అసీమ్ చక్రవర్తి ఈ బృందానికి మూలపురుషులు. ‘ఇండియన్ ఓషన్’ అన్న పేరును సుస్మిత్ సేన్ తండ్రి సూచించారు. బేస్ గిటారిస్టు, గాయకుడు రాహుల్ రామ్ 1991లో, డ్రమ్స్ వాద్యకారుడు అమిత్ కిలమ్ 1994లో చేరారు. బృందం పేరుతోనే తొలి ఆల్బమ్ 1993లో వచ్చింది. రెండవదైన ‘డెజర్ట్ రెయిన్’ స్టూడియోలో తయారైనది కాదు. 1997 జనవరి 1న ఢిల్లీలో సఫ్దర్ హష్మీ స్మృతిలో జరిగిన కార్యక్రమంలో ప్రత్యక్షంగా రికార్డయినది. వీధినాటకం ప్రదర్శిస్తుండగా 1989 జనవరి 1న దాడికి గురై మరునాడు మరణించిన రంగస్థల కార్యకర్త హష్మీ. ఆయన స్మారక వేదిక మీద రూపుదిద్దుకున్న ఆల్బమ్ బృందం ఎవరి మధ్య ఎదిగిందో తెలియజేస్తుంది.

జాజ్-రాక్ అన్న పేరు గురించి కొంత వివరణ అవసరం. 1960ల చివరలో అమెరికాలో జాజ్ వాద్యకారులు తమ మనోధర్మ వాదనాన్ని రాక్ సంగీతపు విద్యుత్ గిటారుతో, బలమైన డ్రమ్స్ నడకతో జోడించసాగారు. 1970లో వెలువడిన మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘బిచెస్ బ్రూ’ ఈ మలుపుకు గుర్తుగా నిలిచింది. అందులో వాయించిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించాడు. ఆ తరువాత ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి ‘శక్తి’ బృందాన్ని నడిపాడు. 1997లో ఆ బృందం ‘రిమెంబర్ శక్తి’గా మళ్ళీ రూపు కట్టింది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అందులో సభ్యుడయ్యాడు. తెలుగువారికి ఈ సమ్మేళన సంగీతంతో ఏర్పడిన ప్రత్యక్ష బంధం అది.

అయితే శక్తి బృందానికి ముడిసరుకు రాగం, తాళం. అంటే శాస్త్రీయ సంగీతపు వ్యాకరణం. ఇండియన్ ఓషన్‌కు ముడిసరుకు పాట. ఒకచోట పండితుల మధ్య సంభాషణ జరుగుతుంది, మరొకచోట పేరు తెలియని గాయకుల పాటతో సంభాషణ జరుగుతుంది. ఈ తేడాను గుర్తించకుండా రెండింటినీ ‘ఫ్యూజన్’ అనే ఒకే గంపలో వేయడం సంగీత విమర్శలో స్థిరపడిన అలవాటు.

ఇండియన్ ఓషన్ శైలిలో జాజ్‌నుంచి వచ్చింది దీర్ఘమైన నిర్మాణం, ప్రతి ప్రదర్శనలోనూ కొత్తగా అల్లుకొనే వాదనం. రాక్ నుంచి వచ్చింది ‘రిఫ్’. కొద్దిపాటి స్వరాల పదబంధాన్ని విడవకుండా మళ్ళీ మళ్ళీ వాయించడమే రిఫ్. తెలుగు పరిశోధకులకు దీని పని బుర్రకథ వంతపాటను బట్టి సులువుగా బోధపడుతుంది. కథకుడు కథను ఎంత దూరం తీసుకుపోయినా వంత అతనిని లయలోకి, వేదిక మీదకు తిరిగి లాక్కువస్తుంది. ఇక్కడ రిఫ్ చేసే పని కూడా అదే. పాశ్చాత్య సంగీతంలో పాటను నడిపించేది సాధారణంగా స్వరసంపుటుల మార్పు. ఈ బృందం పాటలలో అనేకం ఒకే ఆధార శ్రుతి మీద చాలాసేపు నిలబడతాయి. పల్లె పాట అందులో ఇమడడానికి ఈ గుణమే ముఖ్య కారణం. ఏకశ్రుతి మీద పుట్టిన పాటను స్వరసంపుటుల నిచ్చెన ఎక్కిస్తే దాని నడుం విరుగుతుంది.

వాద్యాలలో ప్రత్యేకంగా చెప్పవలసింది అమిత్ కిలమ్ వాయించే గబ్‌గుబీ. బెంగాల్ బౌల్ గాయకుల వాద్యమది. చర్మం మూసిన చిన్న పాత్రలోనుంచి తంతిని బయటికి తీసి, బిగువు మారుస్తూ మీటితే మనిషి గొంతులా సాగే నాదం వస్తుంది. బవనీలు, బైండ్లవారు ఎల్లమ్మ కథలో వాయించే జమిడిక, ఉత్తరాంధ్ర జముకులకథలోని జముకు ఈ కుటుంబానికే చెందినవి. డ్రమ్స్ సెట్టు పక్కనే ఈ వాద్యం కనిపించడం కేవలం అలంకారంగా తోచవచ్చు. కాని విద్యుత్ గిటారులో స్వరాన్ని వంచే పద్ధతికీ, తంతి బిగువుతో స్వరాన్ని సాగదీసే ఈ పద్ధతికీ చెవిలో చుట్టరికం ఉంది.

మా రేవా: నది, మాట, ఆనకట్ట

‘కందీసా’ ఆల్బమ్‌లోని ఏడు రచనలలో ‘మా రేవా’ ఒకటి. రేవ నర్మదకు మరో పేరు. ఇది నర్మదా లోయలో పాడుకొనే స్తుతిగీతం. నదిని తల్లిగా సంబోధిస్తూ ఆమె నీటి స్వచ్ఛతను, ప్రవాహాన్ని కీర్తిస్తుంది. అమర్‌కంటక్ వద్ద పుట్టి పడమటి దిశగా ప్రవహించి భరూచ్ సమీపంలో అరేబియా సముద్రంలో కలిసే నర్మద చుట్టూ కాలినడకన ప్రదక్షిణ చేసే పరిక్రమ సంప్రదాయం నేటికీ ఉంది. నదిని దైవంగా చూసే ఆ సంస్కృతిలో ఈ పాట భక్తి గీతమే. అందులో నిరసన లేదు, ఫిర్యాదు లేదు.

ఈ పాట బృందానికి చేరిన దారి సాధారణమైనది కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ పొందిన రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో కార్యకర్తగా లోయలో పనిచేశాడు. పాట ఆయనకు అక్కడ దొరికింది. సర్దార్ సరోవర్ ఆనకట్టవల్ల మునిగిపోనున్న ఊళ్ళలో, తమ ఊరు నిలుస్తుందో లేదో తెలియని మనుషుల మధ్య విన్న పాట అది. పరిశోధకుడు క్షేత్రపర్యటనలో సేకరించే పాటకూ, ఉద్యమంలో కలిసి నడుస్తూ నేర్చుకొనే పాటకూ తేడా ఉంటుంది. మొదటిది పుస్తకంలో పాఠంగా మిగులుతుంది. రెండవది నేర్చుకున్నవారి నోట కూడా పాటగానే కొనసాగుతుంది.

ఆల్బమ్ 2000 మార్చిలో విడుదలైంది. అప్పటికి ఆనకట్ట ఎత్తుపై వ్యాజ్యం సుప్రీంకోర్టులో నడుస్తున్నది. అదే ఏడాది అక్టోబర్ 18న నిర్మాణం కొనసాగించవచ్చునని న్యాయస్థానం మెజారిటీ తీర్పు ఇచ్చింది. తరువాతి కాలంలో ఆనకట్ట 138.68 మీటర్ల పూర్తి ఎత్తుకు చేరింది. 2017 సెప్టెంబర్ 17న జాతికి అంకితమైంది. పారే నీటిని కీర్తించే పాటను నిలిచిన నీటి ఒడ్డున పాడితే దాని అర్థం ఏమవుతుంది? పాఠంలో ఒక్క అక్షరం మారలేదు. సందర్భం మాత్రం మొత్తంగా మారిపోయింది. భక్తి గీతం ఒక సాక్ష్యంగా మారింది.

బృందం ఈ అర్థాన్ని పాటలో ఎక్కడా మాటలతో చేర్చలేదు. ఆనకట్ట గురించి ఒక చరణం కట్టి అతికించి ఉంటే అది ఉద్యమగీతం అయ్యేది. తెలుగు ఉద్యమ కవులైతే సహజంగా ఆ దారినే ఎంచుకొని ఉండేవారు. ఆ దారిలో శక్తి ఉన్నమాట నిజమే. కాని చరణం చేర్చకపోవడంవల్ల ఇక్కడ మరొక ఫలితం కలిగింది. నదిని ప్రేమించడానికి శ్రోత ఏ పక్షం వహించనక్కరలేదు. పాట విని, నర్మద ఎక్కడ అని అడిగిన తరువాతే మిగిలిన కథ ఎదురవుతుంది. అలా అడగని శ్రోత విషయంలో మాత్రం పాట ఒక ఆహ్లాదకరమైన లయగా ఆగిపోతుంది. ఈ పద్ధతికున్న పరిమితి అది, దానిని దాచవలసిన పనిలేదు. గోదావరి మీద పోలవరం ముంపు ప్రాంతంలో కోయ, కొండరెడ్డి గిరిజనుల పాటలను అధ్యయనం చేసేవారికి ఈ ప్రశ్న దూరపుది కాదు.

కందీసా: అర్థం తెలియని పాఠం

ఆల్బమ్‌కు పేరునిచ్చిన ‘కందీసా’ మరింత జటిలమైన ఉదాహరణ. ఇది కేరళలోని సిరియన్ క్రైస్తవుల ఆరాధనలో భాగమైన ప్రాచీన స్తోత్రం. భాష సిరియాక్, అంటే అరమాయిక్ భాషకు చెందిన ఒక రూపం. దేవుడిని పరిశుద్ధుడని, శక్తిమంతుడని, మరణం లేనివాడని మూడుసార్లు కీర్తించి, కరుణను వేడుకొనడం దీని సారం. తూర్పు క్రైస్తవ సంప్రదాయాలన్నింటిలో ఈ త్రిపరిశుద్ధ స్తోత్రానికి ఏదో ఒక రూపం ఉంది.

భాషాశాస్త్ర దృష్టితో చూస్తే పేరులోనే ఒక విశేషం కనిపిస్తుంది. పరిశుద్ధుడన్న అర్థంలో సిరియాక్ మాట ‘ఖద్దీశా’. కేరళ ఉచ్చారణలో అది ‘కందీశా’ అయింది. ద్విత్వ దకారం స్థానంలో అనునాసికం కలిసిన దకారం వచ్చింది. గ్రంథం చూసి చదివేవారి నోట ఇటువంటి మార్పు సులభంగా నిలవదు. తరతరాలుగా విని పాడేవారి నోటనే నిలుస్తుంది. అంటే లిఖిత మూలం ఉన్న స్తోత్రం కూడా కేరళలో మౌఖిక జీవితం గడిపిందన్నమాట. బృందం గ్రంథస్థ రూపాన్ని వెతకకుండా కేరళ ఉచ్చారణను పాడుకున్న తీరుగానే స్వీకరించింది. పాఠపరిష్కర్తకు ఇది దోషంగా కనిపించవచ్చు. జానపద విజ్ఞానికి మాత్రం ఇదే సరైన పాఠం.

ఒక ప్రక్రియలో అల్లిక ఎంత ప్రధానమైతే దానిని మరో భాషలోకి తేవడం అంత కష్టమని డండెస్ అన్నాడు. కథను అనువదించవచ్చు, నాలుక మడతపడే వాక్యాన్ని అనువదించలేము. ‘కందీసా’ ఈ సూత్రానికి అంచున నిలుస్తుంది. ఈ పాటను అనువదించలేదు, వివరించలేదు, అయినా అది ప్రయాణించింది. సిరియాక్ తెలియని శ్రోతకు చేరేది పాఠం కాదు, అల్లిక మాత్రమే. నెమ్మదైన గిటారు వాదనంతో మొదలై, గొంతుమీద గొంతు చేరుతూ, చివరకు బృందమంతా ఒక్క పిలుపుగా పాడే దశకు పాట ఎదుగుతుంది. ఒక్క పదం అర్థం కాకున్నా ఇది వేడుకోలు అన్న సంగతి శ్రోతకు తెలుస్తుంది. మన దేవాలయాలలో వేదమంత్రం వినే సామాన్య భక్తుని అనుభవం దీనికి భిన్నమైనది కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి తావుంది. విశ్వాసులకు ఆరాధనగా ఉన్న దానిని విశ్వాసంతో పనిలేని సభలో వినోదంగా పాడవచ్చునా? సందర్భాన్ని పూర్తిగా తొలగించిన తరువాత మిగిలేది ధ్వని మాత్రమే కదా? ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చలేము. అయితే స్తోత్రాన్ని ప్రేమగీతంగానో నృత్యగీతంగానో మార్చడం వేరు, స్తోత్రాన్ని స్తోత్రంగానే పాడడం వేరు. ఇండియన్ ఓషన్ రెండవ పని చేసింది. వాద్యాలు మారినా వేడుకొనే స్వభావం చెడలేదు.

హిల్లే లే, ఝీనీ, బందే

అదే ఆల్బమ్‌లోని ‘హిల్లే లే’ భోజ్‌పురి పాట. దీని రచయిత గోరఖ్ పాండే. హిందీలో కవిత్వం, భోజ్‌పురిలో పాటలు రాసిన ఆయన 1985లో ఏర్పడిన జన సంస్కృతి మంచ్‌కు తొలి ప్రధాన కార్యదర్శి, 1989లో మరణించాడు. ఇది ఖచ్చితమైన అర్థంలో జానపద గేయం కాదు. రచయిత తెలుసు, కాలం తెలుసు. ప్రజల దండు కదిలి వస్తే లోకం ఊగిపోతుందన్న భావం దీనిది. అయినా ఊరేగింపులలో నోటినుంచి నోటికి సాగి, రచయిత పేరు తెలియనివారి నోట కూడా పలికింది. వంగపండు పాటలను ఆయన పేరు తెలియకుండానే పాడుకున్న పల్లెలు మనకూ ఉన్నాయి కనుక ఈ పరిణామం అపరిచితం కాదు.

కళాశాల ఉత్సవాలలో, టికెట్టు కొని వచ్చిన నగర శ్రోతల ముందు ఈ పాట పాడినప్పుడు అది తన ధారను కోల్పోతుందని విమర్శించవచ్చు. ఆ విమర్శలో కొంత న్యాయం ఉంది. ‘మా రేవా’ సందర్భం మారి బరువెక్కింది; ‘హిల్లే లే’ సందర్భం మారి తేలికైంది. ఒకే ఆల్బమ్‌లో, ఒకే పద్ధతిలో స్వీకరించిన రెండు పాటలకు రెండు వేరు గతులు పట్టాయన్నది గమనార్హం. స్తుతికి చరిత్ర తోడై కొత్త అర్థాన్ని ఇచ్చింది. పిలుపుకు స్పందించవలసిన జనం ఎదుట లేకపోతే అది పల్లవిగా మిగులుతుంది.

2003 నాటి ‘ఝీనీ’ కబీరు పదం ఆధారంగా రూపొందింది. దేహాన్ని సన్నని నేత దుప్పటిగా చూసిన నేతగాడి తత్త్వం అది. కబీరు పదాలను పాడే గాయకులు ఉత్తరాదిన అనేక సంప్రదాయాలలో ఉన్నారు కనుక ఇందులో బృందం కొత్త దారి తొక్కిందని చెప్పలేము. అనురాగ్ కశ్యప్ చిత్రం ‘బ్లాక్ ఫ్రైడే’ కోసం చేసిన ‘బందే’ పాటను పీయూష్ మిశ్రా రాశాడు. 1993 ముంబయి పేలుళ్ళ కథతో తీసిన ఆ చిత్రం న్యాయస్థానం అడ్డంకి కారణంగా 2007 వరకు విడుదలకు నోచుకోలేదు. పాట మాత్రం అంతకుముందే శ్రోతలను చేరింది. అది సినిమా పాట. జానపద గేయాల దగ్గర నేర్చుకున్న పిలుపు పద్ధతి అందులో వినిపిస్తుంది, అంతే.

పాట ఎవరిది?

మౌఖిక గేయం ఆల్బమ్‌గా మారినప్పుడు తలెత్తే చిక్కు హక్కులది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టంలో జానపద రచనలకు ప్రత్యేక రక్షణ లేదు. రచయిత తెలియని పాట అందరిదీ. కాని దానిని రికార్డు చేసి విడుదల చేస్తే ఆ ధ్వనిముద్రణకు ప్రచురణ అనంతరం 60 ఏళ్ళ హక్కు లభిస్తుంది. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు చట్టంలో చేరింది. అయితే ఆ హక్కు పాడిన వ్యక్తికి తన ప్రదర్శన మీద మాత్రమే ఉంటుంది. పాటను తరతరాలుగా కాపాడిన ఊరికి కాదు. అందువల్ల నర్మదా లోయలో ఒక పాటను నేర్పిన ఊరికి చట్టం దృష్టిలో దాని మీద ఏ హక్కూ లేదు.

ఈ లోపం ఏ ఒక్క బృందానిదో కాదు, చట్టానిది. మన విశ్వవిద్యాలయాలలో జానపద గేయాలపై సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు కూడా ఇదే తరాజులో తూగుతాయి. వక్త పేరు, ఊరు, పాడిన సందర్భం నమోదు చేయకుండా వందల పాటలను అనుబంధంగా అచ్చువేసిన గ్రంథాలు తక్కువేమీ కాదు. ఇండియన్ ఓషన్ శ్రోత కనీసం పాట ఏ నదిదో, ఏ భాషదో తెలుసుకోగలడు. ఆ మాత్రం సమాచారం కూడా లేని సేకరణ పాఠాన్ని భద్రపరుస్తుందేమో గాని గేయాన్ని భద్రపరచదు.

బృందమే సంప్రదాయంగా

2009 డిసెంబర్ 25న అసీమ్ చక్రవర్తి గుండెపోటుతో మరణించాడు. ఆయన గొంతు ఉన్న పాటలు 2010లో ‘16/330 ఖజూర్ రోడ్’ పేరుతో నెలకొకటి చొప్పున అంతర్జాలంలో ఉచితంగా వెలువడ్డాయి. ఆ పేరు ఢిల్లీ కరోల్ బాగ్‌లో బృందం ఏళ్ళ తరబడి సాధన చేసిన పాత ఇంటి చిరునామా. జైదీప్ వర్మ బృందంపై తీసిన ‘లీవింగ్ హోమ్’ డాక్యుమెంటరీ అదే ఏడాది వచ్చి జాతీయ పురస్కారం పొందింది. 2013లో సుస్మిత్ సేన్ బృందాన్ని వీడాడు. గిటారు నిఖిల్ రావుకు వచ్చింది. అసీమ్ చక్రవర్తి ఒక్కడే చేసిన పనిని ఇద్దరు పంచుకున్నారు: తబలా తుహీన్ చక్రవర్తిది, పాట హిమాంశు జోషిది.

అంటే 1990లో బృందాన్ని నిలబెట్టిన ఇద్దరిలో ఒకరూ 2013 తరువాత వేదిక మీద లేరు. ‘మా రేవా’, ‘కందీసా’ మాత్రం నేటికీ ప్రదర్శనలలో వినిపిస్తాయి. 2000 నాటి ముద్రణ మారదు. దానిని మూలప్రతిగా భావించే శ్రోత కొత్త గొంతులో ప్రతి తేడాను లెక్కపెడతాడు. తబలా పట్టిన చేయి ఒకరిది, పాడే నోరు మరొకరిది కావడంతో ఊపిరి తీసుకొనే చోటు, లయ ఊనిక మారాయి. నర్మదా లోయనుంచి రాహుల్ రామ్ తెచ్చిన పాటను ఆ లోయలో ఎన్నడూ విననివారు కూడా ఇప్పుడు బృందంలోని తోటివారి దగ్గర విని నేర్చుకొని పాడుతున్నారు.